పగలని రాయి మీద మా ఊరు

మా చేన్లో వేసిన మూడో బోరు 640 అడుగులకు ఆపేశాం. అప్పటిదాకా పైకి లేచిందంతా తెల్లటి పిండే. తిరుచెంగోడు నుంచి బోరుబండితో వచ్చిన మేస్త్రీ ఆ పిండిని గుప్పిట్లో నలిపి చూసి, "రాయి శానా గట్టిది సార్, యాడా పగుల్లేదు" అన్నాడు. అరచేతిలో టెంకాయ నిలబెట్టి పాయింటు చూపిన పెద్దాయన అప్పటికే ఇంటిదోవ పట్టాడు. మా నాయన గట్టు మీద కూలబడి, "పగలకపోవడమూ తప్పేనా నాయనా?" అన్నాడు. బత్తలపల్లె చరిత్ర రాయమంటే నేను ఆ మాట దగ్గరే మొదలుపెడతాను.

ఊరి పేరు విని కోస్తావాళ్లు బత్తాయిలకు పుట్టిల్లేమో అనుకుంటారు. మేం వాటిని చీనీకాయలంటాం. ఆ చెట్లు ఎండిపోకుండా ట్యాంకర్లతో నీళ్లు తోలుకున్న ఏళ్లు మాకు బాగా గుర్తు. అనంతపురం–కదిరి రోడ్డు మీది ఊరు, పక్కనే చిత్రావతి. 1985లో మండలాలొచ్చాయి, తర్వాత ఆర్డీటీ సేవాసంస్థ ఆసుపత్రి వచ్చింది, 2022లో శ్రీసత్యసాయి జిల్లా వచ్చింది. ఇవన్నీ నిన్నటి ముచ్చట్లే. ఊరి కింది రాయికి సుమారు 250 కోట్ల ఏళ్లు. ధార్వార్ క్రేటాన్ అని పిలిచే పాత నేల ఇది, గ్రానైటూ నైసూ కలిసిన బండ. ఇటువంటి బండ తన ఒంట్లో నీళ్లు పట్టుకోదు. పైనున్న గరుసులో కొంత, లోపలి పగుళ్లలో కొంత, అంతే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే చోట ఆ పగుళ్లు నిండేదెప్పుడు? అందుకే మా పక్క బోరు వేయడమంటే పగులును వెతకడమే.

తాడిమర్రి దాటి పార్నపల్లె వైపు పోతే నేల తీరు మారుతుంది. గుండ్లు పోయి పొరలు పొరలుగా పేర్చినట్టున్న కొండలొస్తాయి. అక్కడి నుంచి కడప బేసిన్. వంద కోట్ల ఏళ్లకు ముందు సముద్రం అడుగున పేరుకున్న ఇసుకా సున్నమూ అవి. విలియం కింగ్ 1872లోనే వాటి మీద పెద్ద గ్రంథం రాశాడు. చమురు, గ్యాస్ కోసం దేశంలో లెక్కగట్టిన 26 బేసిన్లలో కడపదీ ఉంది, కానీ మూడో తరగతిలో. ఇంకా ఏమీ దొరకనివాటిని ఆ తరగతిలో కూర్చోబెడతారు. ఆ బెంచీ మాకు కొత్తేమీ కాదు.

అసలు పగులు మాకు తూర్పున పడింది. జొన్నపిండి ముద్దను రెండు చేతులా లాగండి, నడుమ బీటలు వారి కొన్ని ముక్కలు కుంగుతాయి, కొన్ని దిబ్బల్లా నిలబడతాయి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా మననుంచి విడిపోయినప్పుడు తూర్పు తీరం అలాగే సాగి చీలింది. కృష్ణా, గోదావరి డెల్టాల కింద ఇప్పటికీ ఆ దిబ్బలు పూడుకుని ఉన్నాయి. బాపట్ల, తణుకు, కైకలూరు పేర్లతోనే భూగర్భ శాస్త్రజ్ఞులు వాటిని పిలుస్తారు. నడుమ కుంగిన లోయల్లో నదులు బురద పోశాయి, తర్వాత సముద్రం వచ్చింది. రాఘవాపురం షేల్ అనే నల్లటి బురదరాయి అందులో ముఖ్యమైనది. చచ్చిన జీవరాశి ఆ బురదలో కప్పబడిపోయి, కిలోమీటర్ల లోతున ఉడికి చమురూ గ్యాసూ అయింది. పైనున్న ఇసుకపొరల్లోకి పాకి, వాటిపై మూతపడ్డ బంకరాయి కింద చిక్కుకుంది.

1978లో నరసాపురం దగ్గర ఓఎన్జీసీ బావిలో గ్యాస్ పడింది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ మంట కోనసీమకు ఎంత గండమో తెలియక కాదుగానీ, ఒక్క పగులు కోసం చేను తాకట్టు పెట్టిన మాకు అందులో తోచింది వేరు: నేల అంత ఇచ్చే చోటు కూడా ఉంటుందా అని.

2002లో కాకినాడకు ఎదురుగా నడిసముద్రంలో రిలయన్స్ వాళ్లకు కేజీ-డీ6 అనే బ్లాకులో గ్యాస్ దొరికింది. 2009 ఏప్రిల్‌లో దాన్ని తీయడం మొదలైంది. మరుసటి ఏటికి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా పోయి, ఆ తర్వాత పడిపోతూ వచ్చింది. అక్కడి ప్రధాన క్షేత్రాలు డీ1, డీ3 2020 ఫిబ్రవరిలో ఆగిపోయాయి. కారణం వింటే మా ఊళ్లో ఎవరైనా నవ్వుతారు. బావుల్లోకి నీళ్లొచ్చాయి, ఇసుకొచ్చింది. నీళ్లు పడితే మా బోరు గెలిచినట్టు, వాళ్ల బోరు ఓడినట్టు.

ఆ ఇసుక ఎక్కడిది? నదులు కొండలను అరగదీసి సముద్రంలోకి తోసిందే. రాయదుర్గం పక్క పారే వేదవతి తుంగభద్రలో కలిసి కృష్ణకు పోతుంది. కాబట్టి డెల్టా కింది ఇసుకలో అనంతపురం రాయి కొంత ఉండకపోదు. మా చిత్రావతి దారి వేరు. అది గండికోట వైపు పోయి పెన్నలో కలుస్తుంది, పెన్న నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో పడుతుంది. అక్కడున్నది పాలార్–పెన్నా బేసిన్, అదీ ఆ చీలిక ముక్కే. 2021 నవంబరులో చిత్రావతి పొంగి, నడి ఏట్లో చిక్కుకున్న 10 మందిని హెలికాప్టరుతో తేవలసి వచ్చింది. అటువంటి ఒక్క వరదకు కదిలే ఇసుక ఎన్ని బండ్లో! ఇప్పుడది చాలావరకు జలాశయాల్లోనే ఆగుతోంది, మిగిలింది ట్రాక్టర్లు ఎత్తుకుపోతున్నాయి. ఇక నీళ్లు ఎదురెక్కే కాలమూ వచ్చింది. సముద్రానికి పోవలసిన కృష్ణ నీళ్లు శ్రీశైలం వెనక నుంచి హంద్రీ–నీవా పంపులతో 2012లో అనంతపురం జిల్లా జీడిపల్లి చేరాయి.

చమురుబావి తవ్వేవాళ్లు ప్రతి పొర ముక్కనూ దాచి, ఏ లోతులో ఏ రాయి తగిలిందో రాసి పెట్టుకుంటారు. బావి ఎండినా కాగితం మిగులుతుంది. మా ఊళ్లో ఇన్ని బోర్లు దిగాయి కదా, ఏది ఎన్ని అడుగుల దగ్గర పగులు తాకిందో ఎవరింట్లోనూ కాగితం లేదు. బండివాడి బిల్లు ఉంటే అదే గొప్ప. పోయిన బోరైనా, పడిన బోరైనా సరే, మీకు గుర్తున్న లోతు, రాయి రంగు, తేమ తగిలిన అడుగు ఒక నోటుబుక్కులో రాసి నాకివ్వండి. మా మూడు బోర్లవీ మొదటి పేజీలో రాసేశాను.