‘అట’ విడిచిన వార్తలు

పాపఘ్నికి నీరు వచ్చినప్పుడు కన్నులార చూచినవాడు “వచ్చినది” అనును. ఒరులు చెప్పగా విన్నవాడు “వచ్చినదట” అనును. ఈ ‘అట’ అను చిన్న మాటలో తెలుగువారి వివేకమెంతయో ఇమిడియున్నది. పెద్ద వ్యాపారుల మాటలను ప్రకటించునపుడు పత్రికలు దీనిని విడిచినచో ఎట్టి నష్టము వాటిల్లునో తెలియుటకు సత్యం కంప్యూటర్సు చరిత్రము చాలును.

1987లో హైదరాబాదున బి. రామలింగరాజు స్థాపించిన ఈ కంపెనీ దేశమునందలి పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలలో నొకటియై, 2001లో న్యూయార్కు షేరు బజారునకు కూడ ఎక్కెను. మూడు మాసముల కొకమారు కంపెనీ తన లాభమును ప్రకటించును. మఱునాడు అదియే వార్తయగును. “లాభము వచ్చినదని కంపెనీ చెప్పుచున్నది” అనవలసినచోట “లాభము వచ్చినది” అనుట పరిపాటియయ్యెను. 2008 సెప్టెంబరులో సుపరిపాలనకై గోల్డెన్ పీకాక్ బహుమతియు దానికి లభించెను.

అదే సంవత్సరము డిసెంబరు 16న, తన కుటుంబమువారి మేటాస్ సంస్థలను సత్యం చేత కొనిపించుటకు రాజు పూనుకొనెను. షేర్లలో సొమ్ము పెట్టినవారు గట్టిగా ఎదిరింపగా ఆ యత్నము వెంటనే విరమింపబడెను. 2009 జనవరి 7న రాజు స్వయముగా లేఖ వ్రాసి నిజమొప్పుకొనెను. లెక్కలలో 5,361 కోట్ల రూపాయల నిల్వ చూపబడగా, అందు 5,040 కోట్లు లేనే లేవు. ఒక త్రైమాసికమున 649 కోట్లని చూపిన లాభము నిజముగా 61 కోట్లే. ఆ ఒక్కనాడే షేరు వెల నూటికి 78 వంతులవరకు పడిపోయెను. చిన్న మదుపరుల కూడబెట్టిన ధనము కరగిపోయెను. వేలాది ఉద్యోగులు దిక్కుతోచక నిలిచిరి. ఏప్రిల్‌లో కంపెనీ టెక్ మహీంద్రా వశమయ్యెను. 2015లో ప్రత్యేక న్యాయస్థానము రాజునకు 7 సంవత్సరముల శిక్ష విధింపగా, అప్పీలులో ఆ శిక్ష నిలుపుదలయ్యెను.

ఆడిటర్లే సంతకము చేసియుండగా విలేఖరి యేమి చేయగలడని కొందఱందురు. అతడు లెక్కలు తనిఖీ చేయలేకపోవచ్చును. కాని “ఇంత రొక్కము ఏ బ్యాంకున నున్నది? చూచినవారెవరు?” అని అడుగవచ్చును, జవాబు రానిచో రాలేదని వ్రాయవచ్చును. వోచరు లేని పద్దును పూర్వపు గ్రామకరణము సైతము ఒప్పుకొనెడివాడు కాడుగదా!

కడప జిల్లావారికి ఇది దూరపు మాట కాదు. 2007లో జమ్మలమడుగు ప్రాంతమున బ్రహ్మణీ ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. ఆ కర్మాగారము పూర్తికాలేదు. కరవుసీమలో ఉద్యోగమను మాట విన్నంతనే పొలమమ్ము వారును, అప్పుచేసి బిడ్డలను చదివించు వారును కలరు. కావున కమలాపురము గ్రంథాలయమున పత్రిక విప్పువారు ప్రతి అంకె యెదుటను “ఇది చెప్పినదెవరు? కొలిచి చూచినదెవరు?” అని రెండు ప్రశ్నలు వేసికొనుట మేలు.