చెరకు తోటయు చక్కెర మిల్లును

ఉదయమున కాఫీలో కలుపుకొను చక్కెర ఏ ఊరిలో తయారైనదో మనము సాధారణముగా విచారింపము. అంగడిలో దొరకినంతకాలము ఆ ప్రశ్నయే పుట్టదు.

ఒకప్పుడు మన దేశమునకు చక్కెర జావా ద్వీపమునుండి ఓడలలో విరివిగా వచ్చుచుండెను. చెరకు మనకును ఉన్నది. గానుగయు, బెల్లపు పొయ్యియు పల్లెలలో ఉన్నవి. తెల్ల చక్కెరను పెద్దయెత్తున తీయు యంత్రశక్తి మాత్రము చాలవరకు సముద్రమున కావల ఉండెను. 1932లో చక్కెర పరిశ్రమ రక్షణ చట్టము వచ్చి విదేశపు సరకునకు సుంకము అడ్డుపడగా, అంతకుముందు దేశములో సుమారు 30 మాత్రమే యున్న మిల్లులు కొలది యేండ్లలో 130కి మించినవి.

ఆ కాలముననే నిజామాబాదు సీమకు నీరు వచ్చెను. నవాబు అలీ నవాజ్ జంగు ఆధ్వర్యమున మంజీరపై 1923లో ఆరంభమైన నిజాంసాగరు 1931లో పూర్తియయ్యెను. కాలువ వెంట చెరకు పెరిగెను. తీరజిల్లాల రైతులు వచ్చి స్థిరపడిరి. వారి పల్లెలు కొన్నింటికి నేటికిని ‘క్యాంపు’ అనియే పేరు. 1937లో బోధనునందు నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. దాని చుట్టును శక్కర్‌నగర్ ఏర్పడెను. ఆసియాలోనే మిక్కిలి పెద్దదని ఒకనాడు దానికి పేరుండెను.

మిల్లు పొలము చెంతనే ఉండుటకు కారణము కలదు. కొట్టిన చెరకు నిలువయున్నకొలది తీపి తగ్గును, బరువు తగ్గును. కావున దానిని దూరదేశమునకు పంపి ఆడించుట పొసగదు.

కంప్యూటరులో సమాచారమును దాచు హార్డ్‌డిస్కు స్వభావము దీనికి విరుద్ధము. అది చిన్నది, విలువైనది, చెడనిది. అందుచే అమెరికా సంస్థలు దాని తయారీని ఆసియా దేశములకు తరలించినవి. ఒక్క థాయిలాండులోనే ఈ పరిశ్రమ విస్తారముగా గుమిగూడెను. 2011లో అచ్చట వరదలు రాగా బాంగ్ పా ఇన్‌లోని వెస్టర్న్ డిజిటల్ కర్మాగారము నీట మునిగెను. ప్రపంచమంతట డిస్కుల ధరలు పెరిగెను. మన ఊరి దుకాణదారుకు ఆ నది పేరైనను తెలియదు. ధర మాత్రము తెలిసినది.

అట్లని, మిల్లు ఇంటిముంగిట నున్నంత మాత్రమున నిశ్చింత యనుకొనరాదు. బోధను కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు మారెను. 2015 డిసెంబరులో మూతపడెను. వరద రాలేదు, కాలువ తెగలేదు. అయినను కార్మికునకు కూలి పోయెను. చెరకు రైతు దూరపు మిల్లును వెదకుకొనవలసి వచ్చెను, లేదా వరికి మరలవలసి వచ్చెను.

తయారుచేయు శక్తి ఎచ్చటనున్నది అనునది ఒక ప్రశ్న. దానిని నిలుపుటయో ఆపుటయో ఎవరి చేతిలో నున్నది అనునది రెండవది. జావా మనకు మొదటిదానిని నేర్పినది, బోధను రెండవదానిని నేర్పినది.