తెలుగు పరిశోధనా పత్రాల్లో శీర్షిక: ఆశ్వాసాంత గద్య నుండి నావిగేషన్ పేన్ వరకు

ఉపోద్ఘాతం

వర్డ్‌లో రూపొందే తెలుగు సిద్ధాంత గ్రంథాల్లో ఒక లోపం తరచుగా కనిపిస్తుంది. పుటపై అధ్యాయాల పేర్లు పెద్ద అక్షరాలతో స్పష్టంగానే ఉంటాయి. కాని తెరకు ఎడమవైపున తెరుచుకునే నావిగేషన్ పేన్ ఖాళీగా ఉంటుంది, లేదా అర్థం లేని ఆంగ్లాక్షరాలతో నిండి ఉంటుంది. విషయసూచికను యంత్రం చేత తయారుచేయిస్తే ఒక్క అధ్యాయమూ అందులోకి రాదు. దీన్ని టైపు చేసినవారి అజాగ్రత్తగా భావించడం పరిపాటి. అయితే ఈ లోపం వెనుక ఒక చరిత్ర ఉంది. శీర్షికను గ్రంథ నిర్మాణంలోని స్థానంగా కాక కంటికి కనిపించే ఆకారంగా గుర్తించే అలవాటు ఈ లోపానికి మూలమని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

ప్రతుల్లో, అచ్చులో విభాగ సూచన

తాళపత్ర ప్రతుల్లో రచన పదాల మధ్య ఖాళీ లేకుండా ఎడతెగక సాగుతుంది. పెద్ద అక్షరాల శీర్షికకు అక్కడ చోటు లేదు. ఆశ్వాసం ముగిసిందని తెలిపేది ఆశ్వాసాంత గద్య. కవి పేరు, కావ్యం పేరు, ఆశ్వాస సంఖ్య అందులో ఉంటాయి. తరువాతి ఆశ్వాసం కృతిపతి సంబోధనతో ప్రారంభమవుతుంది. ఆకు పొడవు మారినా, లేఖకుడు మారినా విభాగం చెక్కుచెదరదు. ఎందుకంటే విభాగ సూచన రాత తీరులో గాక పాఠంలోనే నిక్షిప్తమై ఉంది.

అచ్చు యుగంలోనూ ఈ పద్ధతి కొనసాగింది. 1858 నాటి చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ పది పరిచ్ఛేదాలుగా, సంఖ్యాక్రమం గల సూత్రాలుగా విభక్తమైంది. పుటసంఖ్య ముద్రణను బట్టి మారుతుంది గాని, పరిచ్ఛేదం పేరు, సూత్రసంఖ్య మారవు. అందువల్లనే పండితులు నేటికీ ఆ రెండింటితోనే సూత్రాన్ని ఉదాహరిస్తారు. అయితే పంక్తి మధ్యలో నిలిపిన పెద్ద అక్షరాలే శీర్షికకు గుర్తు అన్న భావనను పాఠకుడి కంటికి అలవాటు చేసింది కూడా అచ్చే.

యంత్రంలో నిర్మాణం, రూపం

కంప్యూటర్ రంగంలో ఈ రెండింటినీ వేరుచేసే ప్రయత్నం చాలా ముందే మొదలైంది. 1969లో ఐబీఎం సంస్థలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ రూపొందించిన జీఎంఎల్, ‘ఇది శీర్షిక’, ‘ఇది పేరా’ అని పాఠానికి గుర్తులు పెట్టే విధానం. 1986లో అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడిన ఎస్‌జీఎంఎల్‌కు అది పునాది. మరోవైపు 1974లో జిరాక్స్ పార్క్ పరిశోధనాలయంలో లాంప్సన్, సిమోనీలు నిర్మించిన బ్రావో, అచ్చులో రాబోయే రూపాన్ని తెరపైనే చూపే మార్గం తెరిచింది. సిమోనీ తరువాత మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. 1983లో వెలువడిన వర్డ్ ఈ రెండు ధోరణులకూ వారసురాలు. రూపాన్ని తెరపై దిద్దుకోవచ్చు. స్టైల్ ద్వారా నిర్మాణాన్నీ తెలుపవచ్చు. మొదటిది కంటికి కనిపిస్తుంది గనుక వాడుకరులు దానికే అలవాటుపడ్డారు.

వర్డ్ 97లోని డాక్యుమెంట్ మ్యాప్ ఈ లోటును ఊహతో పూరించబోయింది. శీర్షికలేవీ గుర్తించి లేని పత్రంలో, శీర్షికల్లా కనిపించిన పేరాలకు తానే స్థాయిని కేటాయించేది. కొన్నిసార్లు మామూలు పేరాలు కూడా ఆ పట్టికలోకి ఎక్కేవి. పాత పత్రాలను నేడు తెరిచినప్పుడు నావిగేషన్ పేన్‌లో పేరాలకు పేరాలే కనిపించడానికి ఇదొక కారణం. ఔట్‌లైన్ వ్యూలో అటువంటి పేరాలను బాడీ టెక్స్ట్ స్థాయికి దించితే దోషం తొలగుతుంది. 2010 నాటి వర్డ్‌లో డాక్యుమెంట్ మ్యాప్ స్థానాన్ని నావిగేషన్ పేన్ ఆక్రమించింది.

తెలుగు లిపికి ప్రత్యేకమైన చిక్కులు

తెలుగులో సమస్య మరింత జటిలం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం దక్కినా, డీటీపీ రంగంలో అను వంటి ఫాంట్లు దీర్ఘకాలం రాజ్యమేలాయి. వీటిలో తెలుగు అక్షర భాగాలు ఆంగ్లాక్షరాల సంకేత స్థానాల్లో కూర్చుంటాయి. పుటపై ‘అ’ కనిపించినా యంత్రం దృష్టిలో అది మరేదో అక్షరం. నావిగేషన్ పేన్ పత్రంలోని ఫాంటును గాక తన సొంత ఫాంటునే వాడుతుంది. కనుక హెడింగ్ స్టైల్ సరిగా వాడినప్పటికీ అక్కడ అర్థం లేని అక్షరాలే కనిపిస్తాయి. పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చడం తప్ప దీనికి మార్గం లేదు. ఉత్త పాఠాన్ని మాత్రమే గ్రహించే పరివర్తన సాధనాలు వాడితే స్టైళ్లు పోతాయి. మార్పు తరువాత వాటిని తిరిగి కేటాయించాలి.

యూనికోడ్ వాడినవారికి మరొక చిక్కు ఎదురవుతుంది. వర్డ్ లాటిన్ లిపికి ఒక ఫాంటును, పరిమాణాన్ని, తెలుగు వంటి సంక్లిష్ట లిపులకు వేరొక ఫాంటును, పరిమాణాన్ని దాచుకుంటుంది. స్టైల్‌లో మొదటిదాన్ని మాత్రమే సవరిస్తే అంకెలు పెద్దవై, తెలుగు అక్షరాలు చిన్నవిగా మిగులుతాయి. విసిగిన వాడుకరి స్టైల్‌ను వదిలి, అక్షరాలను నేరుగా పెద్దవి చేస్తాడు. దానితో శీర్షిక మళ్లీ ఆకారంగానే మిగులుతుంది. స్టైల్‌ను సవరించే చోట కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ విభాగంలోనూ ఫాంటు, పరిమాణం నిర్ణయిస్తే ఈ ఇబ్బంది ఉండదు.

అలంకరణ కోసం అధ్యాయం పేరును టెక్స్ట్ బాక్సులోనో పట్టికలోనో పెట్టడం మరొక దోషం. వాటిలోని శీర్షికలను నావిగేషన్ పేన్ చూపదు. రెండు పంక్తుల శీర్షికను ఎంటర్ నొక్కి విరిస్తే అది రెండు శీర్షికలవుతుంది. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే ఒక్కటిగానే ఉంటుంది.

పరిశోధనకు కలిగే నష్టం

సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతుల సమర్పణను యూజీసీ 2009 నిబంధనలు తప్పనిసరి చేశాయి. శోధ్‌గంగ వంటి భాండాగారంలో చేరిన గ్రంథాన్ని పుటలు తిప్పుతూ కాక, వెతుకుతూ చదువుతారు. వర్డ్ శీర్షికల ఆధారంగానే పీడీఎఫ్‌లో బుక్‌మార్కులు ఏర్పరచవచ్చు. శీర్షికలు గుర్తించని గ్రంథంలో ఆ సౌకర్యం ఉండదు. చూపు లేని పరిశోధకులకు ఈ నష్టం తీవ్రం. ఎన్‌వీడీఏ వంటి తెరచదువరి సాధనంతో వారు ఒక శీర్షిక నుండి మరొక శీర్షికకు దూకుతూ చదువుతారు. అక్షరాల పరిమాణం వారికి ఏమీ చెప్పదు. గుర్తించిన శీర్షిక లేకుంటే వందల పుటల గ్రంథంలో నాలుగవ అధ్యాయాన్ని వారు వరుసగా వింటూ వెతుక్కోవలసిందే. పాత ఫాంటులోని గ్రంథమైతే విన్నా ప్రయోజనం ఉండదు.

ముగింపు

తాళపత్ర లేఖకుడు విభాగాన్ని పాఠంలోనే పదిలపరిచాడు. చిన్నయసూరి పరిచ్ఛేదం, సూత్రసంఖ్యలతో పుటకు లోబడని చిరునామా ఇచ్చాడు. స్టైల్ చేసే పని అదే. కనుక హెడింగ్ స్టైల్ వాడకం తెలుగు గ్రంథ రచనకు పరాయి విద్య కాదు. పరిశోధనా పద్ధతుల బోధనలో ఉపయుక్త గ్రంథసూచి, పాదసూచికలతో పాటు శీర్షికలకు స్థాయి కేటాయింపునూ చేర్చడం ఆవశ్యకం. సమర్పణకు ముందు నావిగేషన్ పేన్ తెరిచి అధ్యాయాల వరుసను సరిచూడడం, ఎఫ్9 నొక్కి విషయసూచికలోని పుటసంఖ్యలను తాజా చేయడం కొద్ది నిమిషాల పని. ఆ కొద్దిపాటి శ్రమ వల్ల గ్రంథం దాచిపెట్టిన ప్రతిగా మిగిలిపోక, చదువరులందరికీ అందుబాటులోకి వస్తుంది.