గడియారాల కొట్టు నుంచి బాస్ పడవ దాకా

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో పారిస్ అని ఒక చిన్న ఊరుంది. 1820 ప్రాంతాల్లో అక్కడ జార్జ్ స్నైడర్ అనే ఆయన గడియారాలు బాగుచేస్తూ, వెండిపని చేస్తూ బతికేవాడు. ఆయనకు గాలం పిచ్చి. అప్పట్లో ఎక్కువమంది దగ్గరుండే రీలు దారం చుట్టుకునే ఒట్టి చక్రం. పిడి ఒక చుట్టు తిప్పితే చక్రమూ ఒక చుట్టే తిరిగేది. ఒడ్డున కూర్చుని చేపను లాక్కోవడానికి అది చాలు. కాని బాస్ చేపను పట్టాలంటే బతికున్న చిన్న చేపను కొక్కేనికి గుచ్చి దూరంగా విసరాలి. విసిరేటప్పుడు దారం సాఫీగా జారాలి, చుట్టేటప్పుడు గబగబా రావాలి. ఇంగ్లండులో పళ్లచక్రాల రీళ్లు అంతకుముందే ఉన్నా అవి చుట్టడానికే తప్ప విసరడానికి పెద్దగా పనికొచ్చేవి కావు. స్నైడర్ తన పనిబల్ల మీదున్న విద్యనే రీల్లోకి దించాడు. గడియారంలో చక్రాలు ఎంత తేలిగ్గా తిరుగుతాయో దారపు చక్రం కూడా అంత తేలిగ్గా తిరిగేలా చేశాడు.

ఫ్రాంక్‌ఫర్ట్ పట్నంలో మీక్ అన్నదమ్ములు దాన్ని అందుకున్నారు. వాళ్లదీ గడియారాల వ్యాపారమే. 1830ల నుంచి వాళ్ల చేతుల్లో కెంటకీ రీలు ఒక రూపానికి వచ్చింది. పిడి ఒక చుట్టు తిప్పితే దారపు చక్రం నాలుగు చుట్లు తిరగడం దాదాపు రివాజయింది. ఇవాళ దుకాణంలో రీలు పెట్టె మీద కనిపించే 6.3:1, 7.1:1 లాంటి అంకెలు ఆ లెక్కకు వారసులే.

విచిత్రమేమిటంటే ఈ గడియారాల వరస అక్కడితో ఆగలేదు. స్వీడన్‌లోని స్వాంగ్‌స్టా అనే ఊళ్లో 1921లో గడియారాలు, టాక్సీ మీటర్లు తయారు చేయడానికి ఒక ఫ్యాక్టరీ పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి టాక్సీ మీటర్లు అడిగేవాడు లేకపోయేసరికి ఆ యంత్రాలమీదే రీళ్లు చేయడం మొదలుపెట్టారు. 1952లో అక్కణ్నుంచి వచ్చిన ఎర్రరంగు అంబాసడర్ రీలు అమెరికా బాస్ వేటగాళ్లకు ప్రాణమైపోయింది. ఆ కంపెనీయే ఆబు. ఫ్రాన్స్‌లో గడియారపు పనికి పేరుపడ్డ క్లూజ్ పట్నంలో మిచెల్ స్పిన్నింగ్ రీలు పుట్టింది. యుద్ధం ముగిశాక అది అమెరికాలో బోలెడు అమ్ముడుపోయింది.

వీటన్నిటికన్నా నాకు నచ్చేది ఆర్. డి. హల్ కథ. టెక్సస్‌వాడు, గడియారాలు బాగుచేసేవాడు. కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టే కుర్రాడు పెద్ద దారపుచుట్ట చివరి నుంచి దారం లాగుతుండగా చూశాడట. చుట్ట కదలడం లేదు, దారం మాత్రం వస్తోంది. చక్రమే తిరగకపోతే చక్రం జోరు ఎక్కువై దారం చిక్కుపడే బాధే ఉండదు కదా అని ఆయనకు తట్టింది. ఆ ఆలోచనతో ఓక్లహోమాలోని టల్సాలో ఒక కంపెనీ గుమ్మం ఎక్కాడు. ఆ కంపెనీ పేరు జీరో అవర్ బాంబ్ కంపెనీ. చమురు బావుల్లో పేల్చే టైంబాంబులు వాళ్ల సరుకు. ఆ సరుకు మీది పేటెంట్ల గడువు ముగియవస్తోంది, ఇంకేదైనా చేయాలని వాళ్లూ వెతుకుతున్నారు. 1949లో మొదటి రీలు వచ్చింది. 1954లో మోడల్ 33 వచ్చింది. 1956లో కంపెనీ తన పొడుగు పేరును జెబ్‌కోగా కుదించుకుంది. బాంబుల కంపెనీ అని రాసున్న పెట్టెలో చేపల రీలు పంపితే పుచ్చుకునేవాడి గుండె ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు రీలు కొనబోయేవాడికి ఈ చరిత్రతో ఏం పని అంటారేమో. పని ఉంది. దుకాణంలో మూడు రకాలు కనిపిస్తాయి, మూడూ ఒకే చిక్కుకు వేర్వేరు జవాబులు. చక్రం తిరిగే బెయిట్‌కాస్టర్ స్నైడర్ వంశం. దారం జారుతుండగా బొటనవేలితో చక్రాన్ని అదుపు చేయాలి, అది రావడానికి కొన్నాళ్లు పడుతుంది. వచ్చాక మాత్రం బరువైన ఎరను గురిచూసి మోడు పక్కనే పడేయడంలో దానికి సాటి లేదు. చక్రం కదలని స్పిన్నింగ్ రీలు తేలికపాటి ఎరలకు, సన్నదారానికి. మూతవేసిన స్పిన్‌కాస్ట్ హల్‌గారి బిడ్డ. మీట నొక్కి వదిలితే చాలు, పిల్లలకు అదే మంచిది. ఒకటే కొనగలిగితే నేను స్పిన్నింగే కొనమంటాను. బెయిట్‌కాస్టర్ మీద మోజుంటే రెండోది అదే కొనుక్కోవచ్చు.

ఇక చేప సంగతి. బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప, సన్‌ఫిష్ కుటుంబానిది. వేటగాళ్లు ముఖ్యంగా పట్టించుకునేవి పెద్దనోటి బాస్, చిన్ననోటి బాస్. మన కొర్రమీను తెలిసినవాళ్లకు పెద్దనోటి బాస్ నడత కొత్తగా అనిపించదు. నాచు మాటునో మునిగిన మోడు పక్కనో కదలకుండా పొంచి, దగ్గరికొచ్చినదాన్ని గుటుక్కుమనిపిస్తుంది. మగచేప గూడు చేసి గుడ్లనూ పిల్లలనూ కాపలా కాస్తుంది. తెలంగాణ చెరువుల్లో కొర్రమీనుకు విసిరే బోలు రబ్బరు కప్ప అక్కడ బాస్‌కూ విసురుతారు.

ఒకప్పుడు ఈ చేప తూర్పు తీరపు నదుల్లో చాలాచోట్ల లేదు. 1850లలో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలు ఇంజన్ వెనకుండే నీళ్లతొట్టిలో చిన్ననోటి బాస్‌ను కొండలు దాటించి పొటోమాక్ నదిలో వదిలారు. 1881లో జేమ్స్ హెన్‌షల్ అనే వైద్యుడు బాస్ చేప మీదే ఒక పుస్తకం రాసి, ట్రౌట్ వేటగాళ్లు చిన్నచూపు చూసే ఈ చేపకు పెద్దపీట వేశాడు. పొడుగాటి బరువు గెడల స్థానంలో ఎనిమిది అడుగుల పైచిలుకు తేలిక రాడ్డు వాడమన్నదీ ఆయనే. ఆ కాలపు అమెరికా రాడ్లకు వాడిన వెదుళ్లలో కలకత్తా నుంచి ఓడలెక్కి వెళ్లినవీ ఉన్నాయి. తరవాత చైనా టోన్‌కిన్ వెదురు వాటిని పక్కకు నెట్టింది. 1940ల చివర ఫైబర్‌గ్లాస్, 1970లలో గ్రాఫైట్ వచ్చాయి. ఇప్పుడు ఆరున్నర నుంచి ఏడు అడుగుల గ్రాఫైట్ రాడ్డు చాలావరకు అన్ని పనులకూ సరిపోతుంది. రాడ్డు గురించి ఇంతకన్నా పెద్దగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

తల బద్దలు కొట్టుకునేది ఎరల దగ్గర. మిషిగన్‌లోని డోవాజియాక్ ఊరివాడు జేమ్స్ హెడన్ తేనెటీగల పెంపకంలో పేరున్న మనిషి. మిల్లు చెరువు గట్టున కూర్చుని చాకుతో కొయ్యముక్క చెక్కుతూ, విసుగొచ్చి దాన్ని నీళ్లలోకి విసిరితే బాస్ ఎగిరి అందుకుందని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. అది నిజమైనా కాకపోయినా, అక్కణ్నుంచి రంగులద్దిన కొయ్య ఎరల పరిశ్రమ ఒకటి బయల్దేరింది. బతికున్న చేపను డబ్బాలో మోసుకెళ్లే బాధ తప్పింది.

జార్జియా రాష్ట్రంలో 1932 జూన్ 2న జార్జ్ పెర్రీ అనే యువరైతు అలాంటి ఎరతోనే 22 పౌండ్ల 4 ఔన్సుల పెద్దనోటి బాస్‌ను పట్టాడు. అంటే పది కిలోలకు పైన. అది ఆర్థిక మాంద్యపు రోజుల సంగతి. ఆయనా స్నేహితుడూ చేత్తో చేసుకున్న పడవలో వెళ్లారు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్క ఎర. తూకం వేయించి, చేపను ఇంటికి తీసుకెళ్లి వండుకు తిన్నారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప ఒక ఔన్సు కన్నా తక్కువ తేడాతో పెద్దదైంది. పెర్రీ పేరిట ఉన్న ప్రపంచ రికార్డు పడిపోవాలంటే రెండు ఔన్సులు దాటాలన్నది నిబంధన. అందుకని ఇద్దరి పేర్లూ సమానంగా ఉన్నాయి.

రబ్బరు టైర్లకు పేరుపడ్డ ఒహాయోలోని ఆక్రన్ పట్నంలో 1949లో నిక్ క్రీమ్, ఆయన భార్య కోస్మా వంటింట్లో మెత్తటి ప్లాస్టిక్ కరగబెట్టి, వానపాము అచ్చులో పోశారు. బాస్ వేటను ఇంతగా మార్చిన వస్తువు మరొకటి లేదని నా అభిప్రాయం. కొక్కెం మొనను ఆ ప్లాస్టిక్ వానపాము ఒంట్లోనే దాచి, ముందు తూటా ఆకారపు బరువు కడితే అది నాచులోంచీ కొమ్మల్లోంచీ చిక్కకుండా జారిపోతుంది. దాన్నే టెక్సస్ రిగ్ అంటారు. కొత్తవాళ్లు నాలుగు డ్రాయర్ల పెట్టె నింపుకోవడం కంటే ఈ రిగ్ కట్టడం నేర్చుకుని ఒక ప్యాకెట్ వానపాములు కొనుక్కుంటే చాలాకాలం గడుస్తుంది.

నీళ్లలోని కొమ్మల మాటొచ్చింది కాబట్టి ఆనకట్టల సంగతీ చెప్పాలి. 1933లో టెనెసీ వ్యాలీ అథారిటీ ఏర్పడిన దగ్గర్నుంచి ముప్ఫై నలభై ఏళ్లపాటు అమెరికా దక్షిణాదిలో నది తర్వాత నదికి అడ్డుకట్ట పడింది. అడవులు, పొలాలు, రోడ్లు నీళ్లలో మునిగాయి. మనుషులకు ఊళ్లు పోయాయి. మునిగిన చెట్ల మధ్య పొంచి బతికే చేపకు మాత్రం కోరుకున్న ఇల్లు దొరికింది. వేటగాడికేమో కొత్త చిక్కు: ఒడ్డు నుంచి విసిరితే అందని వేల ఎకరాల నీళ్లు. అక్కడ అవసరమైంది మూడడుగుల నీళ్లలోనూ తేలే, మోళ్ల మధ్య చప్పుడు లేకుండా దూరే పడవ.

1948లో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో హోమ్స్ థర్మండ్ అలాంటిది ప్లైవుడ్‌తో చేశాడు. మొనదేలిన ముక్కు, బల్లపరుపు అడుగు. దోమ ఆకారం అనిపించి స్కీటర్ అని పేరు పెట్టాడు. బాస్ వేటకే చేసిన మొదటి పడవ ఇదేనంటారు. అప్పటికే మిల్వాకీలో ఓలే ఎవిన్‌రూడ్ అవుట్‌బోర్డ్ మోటారును జనానికి అలవాటు చేసి నలభై ఏళ్లు కావస్తోంది. ఆ మోటారు చప్పుడుకు చేప బెదురుతుంది. 1934లో నార్త్ డకోటాలోని ఫార్గోలో ఓ. జి. ష్మిట్ ఫోర్డ్ మోడల్-ఎ కారు స్టార్టర్ మోటారుకు కడ్డీ, రెక్కలు తగిలించి బ్యాటరీతో నడిచే ట్రోలింగ్ మోటారు చేశాడు. 1951లో మిసిసిపీలో జి. హెచ్. హ్యారిస్ దాన్ని కాలితో తిప్పేలా మార్చాడు. రెండు చేతులూ రాడ్డుకు మిగిలాయి. కాలితో నడిపే మోటారు వచ్చాకే వేటగాడు పడవ ముక్కు దగ్గర నిలబడ్డాడు, ఇవాళ్టి బాస్ పడవ ముందుభాగం ఎత్తైన వేదికలా ఉండటానికి కారణం అదే. 1950ల చివర కార్ల్ లొరాన్స్ జలాంతర్గాములను కనిపెట్టే సోనార్ విద్యను చిన్న పెట్టెలో పెట్టి అమ్మాడు.

ఈ ముక్కలన్నీ ఒకచోట చేర్చినవాడు మళ్లీ చేపల వ్యాపారి కాడు, అలబామాలోని మాంట్‌గోమరీకి చెందిన ఇన్సూరెన్స్ ఏజెంటు. పేరు రే స్కాట్. 1967 జూన్‌లో ఆర్కాన్సా రాష్ట్రంలో అప్పుడప్పుడే నిండిన బీవర్ జలాశయంలో వంద డాలర్ల రుసుముతో 106 మందిని పోగుచేసి పోటీ పెట్టాడు. మరుసటి ఏడు బాస్ వేటగాళ్ల సంఘం వెలిసింది. అదే 1968లో వైట్ నది మీద గైడుగా పనిచేసే ఫారెస్ట్ వుడ్ ఫ్లిపిన్ అనే ఊళ్లో రేంజర్ పడవలు మొదలుపెట్టాడు. 1971లో లేక్ మీడ్‌లో ఆ సంఘం జరిపిన మొదటి క్లాసిక్ పోటీలో మనిషికి పది పౌండ్ల సామానే తీసుకెళ్లనిచ్చారు, పడవలన్నీ ఒకే రకం ఇచ్చారు. ఎరల పెట్టెలతో గ్యారేజీలు నింపుకునేవాళ్లు ఆ పోటీని ఒకసారి గుర్తుచేసుకుంటే బాగుంటుంది. పట్టిన చేపను తూచి బతికుండగానే వదలాలని 1972 నుంచి స్కాట్ నియమం పెట్టాడు. దాంతో నీళ్లలోకి గాలి పంపే లైవ్‌వెల్ తొట్టి ప్రతి పడవలోనూ అమరింది.

ఇవాళ పెద్ద బాస్ పడవ లక్ష డాలర్లు దాటుతుంది. డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడ్డ మనవాళ్లు తూర్పున లేక్ ఫోర్క్‌లో బాస్ పట్టడానికి అంత పెట్టనక్కర్లేదు. పదిహేడేళ్లు నిండినవారికి టెక్సస్ లైసెన్సు, పన్నెండు పద్నాలుగు అడుగుల అల్యూమినియం జాన్ బోట్ ఉంటే చాలు. ముందు పడవలో బిగించిన బరువు పలకను చదవాలి. ఇరవై అడుగుల లోపు మోటారు పడవల మీద అది తప్పనిసరి. మనుషులు, మోటారు, బ్యాటరీ, సామాను అన్నీ ఆ అంకెలోపే ఉండాలి. తరవాత ట్రోలింగ్ మోటారు. మొత్తం బరువులో ప్రతి వంద పౌండ్లకు మోటారుకు రెండు పౌండ్ల తోపుడు బలం (థ్రస్ట్) కావాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఏడువందల పౌండ్లకు పద్నాలుగు చాలన్నమాట. ఎదురుగాలి ఈ లెక్కను లక్ష్యపెట్టదు కనుక ముప్ఫై పైన కొనడం మేలు. యాభై అయిదు దాకా ఒక్క 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. బ్యాటరీకి దగ్గర్లోనే సర్క్యూట్ బ్రేకర్ పెట్టాలి. మనిషి, అవుట్‌బోర్డ్ రెండూ వెనకే ఉంటాయి కాబట్టి బ్యాటరీని నడిమికో ముందుకో జరపాలి.

పెద్ద పడవలు చూసి చిన్నదానికీ ఎత్తైన వేదిక, దానిమీద కుర్చీ బిగించేవాళ్లు ఉన్నారు. బల్లపరుపు పడవలో మనిషి బరువు పైకెళ్తే పడవ ఊగుతుంది, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. వేదిక వేయక తప్పదనుకుంటే అంచుకన్నా బాగా కిందికి వేయాలి. రాగి మందు పట్టించిన కలప అల్యూమినియంను తినేస్తుంది కనుక మామూలు ప్లైవుడ్‌కు రంగు వేసి వాడాలి. అల్యూమినియం మీద డబ్బా పడినా నీళ్లలోకి చప్పుడు పోతుంది, పైన రబ్బరు చాప పరిస్తే ఆ గొడవ ఉండదు. సోనార్ చివర్లో కొనవచ్చు. 2018లో వచ్చిన లైవ్‌స్కోప్ లాంటివి కదిలే చేపను తెర మీద చూపిస్తాయి, వాటిని పోటీల్లో ఎంతవరకు రానివ్వాలో అక్కడే ఇంకా తగవు నడుస్తోంది.

అవుట్‌బోర్డ్ పెట్టుకుంటే ఒక తాడు మరవకూడదు. మనిషి నీళ్లలో పడితే ఇంజన్ ఆపే తాడు అది. స్కాట్ తన పోటీల్లో ఎప్పుడో తప్పనిసరి చేశాడు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇరవై ఆరు అడుగుల లోపు పడవల్లో, మూడు హార్స్‌పవర్ ఆపైన మోటారుతో వేగంగా పోయేటప్పుడు దాన్ని ఒంటికి తగిలించుకోవాలని అమెరికా సమాఖ్య చట్టమూ చెబుతోంది. తాడు ఖరీదు కొద్ది డాలర్లే, లైఫ్‌జాకెట్‌తో పాటు అదే రోజు కొనుక్కోవచ్చు.