ఓడ దిగిన గుర్రం: మోటుపల్లి రేవు – అశ్వబలం లెక్క

కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (క్రీ.శ. 1244–45) సముద్రవర్తకులకిచ్చిన హామీగా ప్రసిద్ధం. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరకును పూర్వరాజులు బలవంతంగా లాక్కునేవారనీ, తాను నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటాననీ రాజు ప్రకటించాడు. ఆ సరకులో బంగారం, ఏనుగులు, రత్నాలతోపాటు గుర్రాలూ పేర్కొనబడ్డాయి.

తక్కిన సరకు దిగిన వెంటనే వినియోగానికి వస్తుంది, గుర్రం రాదు. వారాల తరబడి ఓడలో కదలక నిలిచిన జంతువు నీరసించి, బెదిరి ఉంటుంది. మేత ఒక్కసారిగా మారితే కడుపుశూలతో ప్రాణమే పోవచ్చు. పొడినేలల్లో పెరిగిన గుర్రానికి కృష్ణా డెల్టా ఉక్కపోత, తడినేల కొత్త. మందలో బతికే జీవి కనుక ఒంటరితనమూ భయమే. మేతను రోజుకు కొంతగా మారుస్తూ, తోడు గుర్రం కంటికి కనిపించేలా కట్టి, ఒకే అశ్వపాలకుని స్పర్శకు అలవాటుచేసిన తరువాతనే జీను వేయాలి.

ఈ దశ లోపిస్తే కలిగే ఫలితాన్ని, మోటుపల్లినీ వర్ణించిన మార్కోపోలో, పాండ్యదేశ ప్రసక్తిలో చెప్పాడు. రాజు ఏటా 2000కు పైగా గుర్రాలు కొన్నా సంవత్సరాంతానికి 100 కూడా మిగలవనీ, పోషణ తెలియకపోవడమే కారణమనీ అతని కథనం. అంకెల్లో అతిశయోక్తి ఉన్నా కారణం ఆలోచించదగినది. తరువాతి కాలంలో మనుమంచి భట్టు తెలుగులో హయలక్షణవిలాసం రచించడం ఈ విద్యకున్న గౌరవానికి సాక్ష్యం.

కాబట్టి దిగుమతి సంఖ్యను అశ్వబలంగా లెక్కించడం పొరపాటు. ఏటేటా కొన్న గుర్రాలు బలానికి కాక నష్టానికి కొలత కావచ్చు. శాసనం వర్తకుని గుర్రాన్ని రేవులోనే కాపాడగలిగింది. ఆపై దాన్ని బతికించవలసినది లాయమే.