న్యూయార్క్, 1844: బర్నీపై మోపిన నింద

1844 అధ్యక్ష ఎన్నికల్లో విగ్ పార్టీ అభ్యర్థి హెన్రీ క్లే ఎందుకు ఓడిపోయాడో చెప్పబోయిన చరిత్రకారులు చాలామంది న్యూయార్క్ దగ్గర ఆగి, నేరం బానిసత్వ వ్యతిరేక లిబర్టీ పార్టీ అభ్యర్థి జేమ్స్ బర్నీ మీద మోపి తృప్తిపడ్డారు. ఈ నిందను మొదట ప్రచారంలో పెట్టినవారిలో ‘న్యూయార్క్ ట్రిబ్యూన్’ సంపాదకుడు హొరేస్ గ్రీలీ ముఖ్యుడు. మరుసటి ఏడాది లింకన్ కూడా ఒక లేఖలో ఇదే మాట రాశాడు. గ్రీలీ లెక్క పైకి తిరుగులేనిదే. ఆ రాష్ట్రంలో డెమొక్రాట్ అభ్యర్థి పోల్క్‌కు 2,37,588, క్లేకు 2,32,482, బర్నీకి 15,812 ఓట్లు వచ్చాయి. తేడా 5,106. ఆ రాష్ట్రపు 36 ఎలక్టోరల్ ఓట్లు ఇటు మారి ఉంటే 170–105 ఫలితం 134–141గా తారుమారై, క్లే గెలిచేవాడు. కానీ గ్రీలీ తటస్థ సాక్షి కాదు, క్లే కోసం కలం పట్టిన విగ్ పక్షపాతి. బర్నీ ఓటర్లు న్యాయంగా క్లే సొత్తే అన్న ఊహను ఆయన రుజువు చేయలేదు, రుజువైనట్టే రాసుకుపోయాడు. బానిసల యజమాని అయిన క్లేకు ఓటు వేయకూడదన్న పట్టుదలే ఆ పార్టీకి ఊపిరి. బర్నీ బరిలో లేకపోతే వారిలో చాలామంది ఇంట్లోనే ఉండిపోయి ఉండవచ్చు.

గ్రీలీ పక్కనపెట్టిన సాక్ష్యం గవర్నర్ పోటీలో ఉంది. అదే ఎన్నికల్లో విగ్ అభ్యర్థి మిల్లార్డ్ ఫిల్‌మోర్ డెమొక్రాట్ సైలస్ రైట్ చేతిలో దాదాపు 10,000 ఓట్ల తేడాతో ఓడాడు. టెక్సాస్ విలీనంపై క్లే మాట మార్చిన అలబామా లేఖల మచ్చ ఫిల్‌మోర్‌కు లేదు, బానిసల యజమానీ కాడు. అయినా క్లే కంటే తక్కువ ఓట్లే పొందాడు. 1840తో పోల్చితే చిత్రం ఇంకా స్పష్టమవుతుంది. ఆ ఏడాది న్యూయార్క్ గెలిచిన విగ్ అధ్యక్ష అభ్యర్థి హారిసన్‌కు వచ్చినవి సుమారు 2,26,000. అంటే విగ్ ఓట్లు తగ్గలేదు, కొంత పెరిగాయి కూడా. డెమొక్రాట్ల ఓట్లు మాత్రం దాదాపు 25,000 పెరిగాయి. తేల్చాల్సింది క్లే ఎవరిని పోగొట్టుకున్నాడన్నది కాదు, పోల్క్‌కు కొత్తగా ఎవరు దొరికారన్నది.

జవాబు వలసవచ్చినవారిలో, ముఖ్యంగా ఐరిష్ కాథలిక్కులలో ఉంది. వలసదారుల వ్యతిరేక పార్టీ తరఫున జేమ్స్ హార్పర్ ఆ ఏప్రిల్‌లోనే న్యూయార్క్ నగర మేయరయ్యాడు. ఆ పార్టీతో విగ్‌లు చేతులు కలిపారన్న అనుమానం బలపడింది. ప్రొటెస్టెంట్ మతసంస్థల పెద్ద థియొడోర్ ఫ్రీలింగ్‌హైసెన్‌ను ఉపాధ్యక్ష పదవికి నిలబెట్టడంతో ఆ అనుమానం ముదిరింది. కొత్తగా పౌరసత్వం పొందినవారు డెమొక్రాట్ల వైపు నిలవడంలో వింతేముంది? రైట్ సొంత పలుకుబడి పోల్క్‌ను గట్టెక్కించిందని కొందరంటారు. అది నిజమైనా నింద బర్నీ మీద నుంచి తొలగేదే.

విగ్ నాయకత్వం తన వ్యూహలోపాన్ని ఒప్పుకోలేక బర్నీని బోనెక్కించింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. కనుక పోల్క్ గెలుపు తర్వాత టెక్సాస్ విలీనం, మెక్సికో యుద్ధం వరకూ సాగిన పరిణామాల బాధ్యతను లిబర్టీ పార్టీ పద్దు నుంచి కొట్టివేయాలి. మూడో పార్టీ ఓట్లు చీల్చిందన్న వాదన ఇక్కడ ఓడినవారు తమకోసం రాసుకున్న చరిత్రే.