రాయచూరు జిల్లాలో వైద్యం: భాష, సరిహద్దు, దూరం

కృష్ణా తుంగభద్రల నడిమి రాయచూరు అంతర్వేది అనగానే 1520 నాటి యుద్ధం, శ్రీకృష్ణదేవరాయలు గెలిచిన కోట మనకు గుర్తుకు వస్తాయి. ఆ నేలమీది రోగి ఏ వైద్యశాలకు వెళ్ళగలిగాడు అన్నది కూడా చరిత్ర ప్రశ్నే. ఇక్కడ మేము దానిని పరిశీలిస్తున్నాము.

1853లో బీరారుతో పాటు కంపెనీ పాలనలోకి పోయిన రాయచూరు 1860లో తిరిగి నిజాము చేతికి వచ్చింది. హైదరాబాదులో 1846లో వెలసిన వైద్య పాఠశాల మొదట ఉర్దూలోనే బోధించింది. దేశభాషలో వైద్యవిద్య ఆ కాలానికి గొప్ప ప్రయత్నమే. కాని రాయచూరు పల్లెల్లో జనం మాట్లాడేది కన్నడం, తెలుగు. చదువూ కచేరీ ఒక భాషలో, బాధ చెప్పుకోవడం మరొక భాషలో సాగాయి.

1956 నవంబరు 1న జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరింది. బళ్ళారికి 1961లో, గుల్బర్గాకు 1963లో వైద్య కళాశాలలు వచ్చాయి. రాయచూరులో ప్రభుత్వ వైద్య కళాశాల తెరుచుకున్నది 2007లో, అంటే 51 ఏళ్ళ తరువాత. 2002లో నంజుండప్ప సంఘం రాష్ట్రంలో వెనుకబడినవిగా గుర్తించిన 114 తాలూకాలలో 39 మిక్కిలి వెనుకబడినవి. వాటిలో 21 గుల్బర్గా విభాగానివే. దేవదుర్గ అందులో ఒకటి.

అయితే తెలుగువారందరినీ ఒకే గాట కట్టరాదు. తుంగభద్ర కాలువ నీటి వెంట వచ్చి సింధనూరు చుట్టూ క్యాంపులు కట్టుకున్న కోస్తా రైతులు వేరు, గద్వాల, నారాయణపేటల వైపు సరిహద్దు పల్లెలలో తరతరాలుగా ఉన్న తెలుగు కూలీలు వేరు. చేతిలో డబ్బున్నవానికి హైదరాబాదు గాని కర్నూలు గాని దూరం కాదు. కూలివానికి ఆ ప్రయాణమంటే బస్సు చార్జీతో పాటు పోయిన కూలి కూడా. పైగా ఉచిత వైద్య పథకాలలో చాలావాటిని ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నడుపుతుంది. చుట్టరికం సరిహద్దు దాటినంత తేలికగా అన్ని కార్డులూ దాటవు.

2012 నాటి 98వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 371(జె) అధికరణం ఈ ప్రాంతం వారికి చదువులలో, ఉద్యోగాలలో వాటా ఇచ్చింది. ఎయిమ్స్ కోసం 2022 మే నెలలో రాయచూరులో నిరవధిక ధర్నా మొదలైంది. వీటిని బట్టి ఈ వ్యత్యాసానికి మూలం భాష ఒక్కటే కాదనీ, ప్రాంతపు లేమి మీద పేదరికం, దాని మీద భాష పొరలుగా పేరుకున్నాయనీ మేము భావిస్తున్నాము. సరిహద్దులలో పెరిగిన మన విద్యార్థులు తమ ఊళ్ళ పెద్దలను అడిగి, ఎవరు ఎక్కడికి వైద్యానికి వెళ్ళేవారో రాసి ఉంచితే, ఈ చరిత్రలో మిగిలిన ఖాళీలు కొంతైనా పూడతాయి.